ముట్టిందా అని అడగని నెలలు

"చచ్చినవి ఏం తింటాయండీ, పడుండనివ్వండి" అని నేనొకసారి పదిమందిలో అన్నాను. అందరూ నవ్వారు. ఆ మాట గురించే ఇది రాస్తున్నాను. లినక్స్ మెషీన్ల మీద పనిచేసే పిల్లలు ఎవరైనా చదువుతుంటే ముందే చెబుతున్నా, ఇందులో మీకు తెలియని కమాండు ఒక్కటి కూడా ఉండదు. ఇవన్నీ ఆ రోజుకి నాకూ తెలుసు. అదే నా బాధ.

తెనాలిలో ఒక రక్తపరీక్షల ల్యాబు. దానికి రేపల్లెలో ఒకటి, బాపట్లలో ఒకటి చిన్న సెంటర్లు. అక్కడ రక్తం తీస్తారు, సీసాలు ఐసుపెట్టెలో పెట్టి పొద్దున రైలెక్కిస్తారు, తెనాలిలో పరీక్ష చేస్తారు. రిపోర్టు మాత్రం రైల్లో కాకుండా కంప్యూటర్ మీదుగా వెనక్కి వెళ్లి అక్కడి ప్రింటర్లో పడుతుంది. ఆ కంప్యూటర్లన్నిటికీ నేను కాపలా. కార్డు మీద పెద్ద ఇంగ్లీషు హోదా ఉండేదిగానీ, చేసేది కాపలాయే.

నేను పుట్టి పెరిగింది బట్టల కొట్టులో. మా నాన్న చీరాల నుంచి చీరలు తెచ్చి, తెనాలిలో అమ్మి, మిగతావి మూటలు కట్టి రేపల్లె బస్సు మీద వేసేవాడు. వేశాక ఆయనకి అన్నం సహించేది కాదు. అదే బస్సు తిరిగొచ్చి, డ్రైవరు కిటికీలోంచి తల బయటపెట్టి "ముట్టిందండోయ్" అని అరిచాకే కంచం ముందు కూర్చునేవాడు. మూట ఎక్కించడంతో పని అయిపోయిందని ఆయన ఏనాడూ అనుకోలేదు. నాకు మాత్రం ఆ కొట్టులోంచి అబ్బింది బేరం ఒక్కటే. ఎవరు ఏది ఎంత చెప్పినా సగానికి అడగడం నాకు ఊపిరి తీసుకోవడం లాంటిది. చివరికి దంతం పీకే డాక్టరుతో కూడా, రెండు పళ్లు అంటే ఒక పన్నుతో సరిపెట్టమని అడిగినవాణ్ణి.

ల్యాబులో ఒక పెద్దాయన ఉండేవాడు. గవర్నమెంటు ఆసుపత్రిలో టెక్నీషియన్‌గా రిటైరై మా దగ్గరికొచ్చాడు. నేను గురువుగారూ అనేవాణ్ణి, ఆయన నన్ను ఏమయ్యా అనేవాడు. ఆయన సొరుగులో గళ్ల అట్ట పుస్తకం ఒకటి ఉండేది. ఏ సెంటరుకి ఏ రిపోర్టు పంపినా అందులో ఒక వరస రాసి, అక్కడికి ఫోన్ చేసి, "అమ్మా, ముట్టిందా?" అని అడిగి, ముట్టిందంటే చివరి గడిలో టిక్కు పెట్టేవాడు. ప్రమాదకరమైన అంకె ఏదైనా ఉంటే అది కూడా ఫోన్లోనే చదివి చెప్పేవాడు. పొద్దుట రెండు గంటలు ఆయనకి ఇదే పని.

నాకది చూస్తే ఒళ్లు మండేది. పైగా ఒకసారి రేపల్లెలో ఫోన్లో విన్న అంకె తప్పు రాసుకుని గొడవైంది. అదే అదనుగా ఓనరు దగ్గరికెళ్లి, కొత్త ప్రోగ్రాం పెట్టిస్తాను, రిపోర్టు వెళ్లగానే తెర మీద పచ్చచుక్క పడుతుంది, ఇక ఫోన్లూ వద్దు, పుస్తకమూ వద్దు అని చెప్పాను. ఓనరు సరేనన్నాడు. ప్రోగ్రాం మొదలైన రోజు పెద్దాయన పుస్తకం మూసి సొరుగులో పెట్టేశాడు.

ప్రోగ్రాం రాయడానికి చీరాల కుర్రాణ్ణి ఒకణ్ణి పట్టుకొచ్చాను. కుర్రాడంటే ముప్పై ఐదేళ్లవాడు, మగ్గాల ఇంట్లో పుట్టినవాడు, నెమ్మదస్తుడు. పదిహేను రోజులు పడుతుందన్నాడు. నేను వేళ్లు మడిచి లెక్కపెట్టించాను. పదకొండు రోజులు తేలింది.

"ఆ మిగతా నాలుగు రోజులూ ఏం చేస్తావు నాయనా?"

"వెళ్లిన రిపోర్టు సంగతేమైందో ప్రోగ్రాం తిరిగి అడిగేలా రాస్తానండి."

"అడక్కపోతే నడవదా?"

"నడుస్తుందండి. కానీ..."

"నడుస్తుందిగా. కానీ సంగతి తర్వాత చూద్దాం."

పదకొండు రోజులకి ఖాయం చేశాను. ఆ సాయంత్రం మా ఆవిడకి కూడా చెప్పుకున్నాను, నాలుగు రోజులు కోసేశానని.

ఇప్పుడు ఒక్క ముక్క యంత్రం సంగతి చెప్పాలి, ఓపిక పట్టండి. ప్రతి రిపోర్టుకీ మా ప్రోగ్రాం ఒక పిల్ల ప్రాసెస్‌ని పుట్టించేది. ఆ పిల్ల రిపోర్టు మోసుకెళ్లి ప్రింటరుకి అప్పజెప్పి, అక్కడితో చచ్చిపోతుంది. పోతూ పోతూ 'అయింది' అనో 'కాలేదు' అనో ఒక మాట వదిలి వెళుతుంది. ఆ మాట తల్లి ప్రాసెస్ అడిగి తీసుకోవాలి. తీసుకునేదాకా పిల్ల పేరు సిస్టమ్ పట్టికలో అలాగే ఉండిపోతుంది. పనీ చేయదు, మెమరీ కూడా తినదు, పేరొక్కటే ఉంటుంది. దాన్నే జాంబీ అంటారు. మా తల్లి ఎప్పుడూ అడిగేది కాదు, ఎందుకంటే అడిగే నాలుగు రోజులు నేను కోసేశాను.

మొదట్లో ఏమీ తెలియలేదు. ల్యాబు మూసేటప్పుడు మెషీన్ ఆపేసేవాళ్లం, దాంతో పట్టిక తుడుచుకుపోయేది. తర్వాత నేను మంచి బ్యాటరీలు బేరమాడి తెచ్చి, ఇక మెషీన్ ఆపేది లేదని గొప్పగా ప్రకటించాను. ఎన్ని రోజులుగా ఆగకుండా నడుస్తోందో వచ్చినవాళ్లకల్లా చూపించేవాణ్ణి. ఒకరోజు పీఎస్ అనే కమాండు కొట్టి ప్రాసెస్‌ల జాబితా చూస్తుంటే, వరసగా జెడ్ అనే అక్షరం, పక్కన డిఫంక్ట్ అనే మాట. తెర పైకి జరిపినా అవే, కిందికి జరిపినా అవే. వెనక నుంచి పెద్దాయన చూశాడు.

"ఏంటయ్యా అవన్నీ?"

"చచ్చిన ప్రాసెస్‌లండీ."

"చస్తే తీసెయ్యరా?"

అప్పుడన్నాను ఆ మాట. చచ్చినవి ఏం తింటాయండీ, పడుండనివ్వండి. అందరూ నవ్వారని చెప్పానుగా. పెద్దాయన నవ్వాడో లేదో గుర్తులేదు.

అవి తినేది ఒకటుంది. చోటు. ఒక ప్రోగ్రాం పేరు మీద ఇన్నే ప్రాసెస్‌లు ఉండాలని పట్టికలో ఒక హద్దు ఉంటుంది. పేర్లు ఆ హద్దు దాకా నిండితే కొత్త పిల్ల పుట్టదు. ఇది నాకు తెలుసు. హద్దు చాలా దూరం ఉందిలే అనుకున్నాను.

ఆ రోజు నేను బాపట్లలో ఉన్నాను. అక్కడి ప్రింటర్ కాగితం నమిలేస్తోందంటే విప్పి, దాని పళ్లచక్రాలు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. తొమ్మిదిన్నర దాటాక రేపల్లె సెంటరులో పనిచేసే అమ్మాయి ఫోన్ చేసింది. రక్తం తీసేదీ, కౌంటర్లో కూర్చునేదీ, తలుపు తాళం వేసేదీ ఆవిడే.

"అన్నయ్యా, ఇవాళ పొద్దుట్నించీ ఒక్క కాగితం రాలేదండి."

నేను తెనాలికి ఫోన్ చేసి అడిగాను. పెద్దాయన తెర చూసి, "అన్నిటికీ పచ్చ పడింది" అన్నాడు. తిరిగి అమ్మాయికి చేశాను.

"ఇక్కణ్ణుంచి వెళ్లాయమ్మా. నీ ప్రింటరే. కాగితం సరిగ్గా పెట్టు, ఒకసారి ఆపి వెయ్యి."

ఆపి వేసింది. వైరు పీకి పెట్టింది. గంట తర్వాత మళ్లీ ఫోన్.

"రాలేదన్నయ్యా. నర్సింగ్‌హోం వాళ్లు రెండుసార్లు మనిషిని పంపారు. చెరుకుపల్లి నుంచి తెచ్చారే ఒకావిడ్ని, కిడ్నీలావిడ, ఆవిడ రిపోర్టు కోసం. డాక్టరుగారు రిపోర్టు రాగానే ఫోన్ చెయ్యమని చెప్పి వేరే ఊరు కేసుకి వెళ్లారంట. పోనీ పెద్దాయన్ని ఫోన్లో అడిగి అంకెలు రాసుకోనా?"

నేను ఇరవై ఏళ్లలో ఇచ్చిన జవాబులన్నిట్లో ఇదే నాకు ఇప్పటికీ అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది.

"వద్దమ్మా. ఫోన్లో అంకెలు తప్పు పడతాయి, ఇదివరకు ఒకసారి చూశాంగా. ఇప్పుడే రైలుంది, అరగంటలో తెనాలిలో ఉంటాను."

అరగంట కాదు. ముప్పావుగంట పైనే. కానీ అడిగినవాళ్లకి తగ్గించి చెప్పడం మా ఇంటి అలవాటు.

"సరేనన్నయ్యా" అంది. నేను వద్దన్నాను కాబట్టి చేయలేదు. ఆ అమ్మాయిది అలాంటి క్రమశిక్షణ. నేనే నేర్పాను.

బాపట్ల ప్రింటర్ నా ఒళ్లో ముక్కలుగా ఉండబట్టి, అక్కడ కూడా ఏమీ రావడం లేదని ఎవరికీ తెలియలేదు. తెలిసుంటే, రెండు ఊళ్లలో రెండు ప్రింటర్లు ఒకేరోజు చెడవు కదా అని నాకే తట్టేది. రైల్లో అదీ తట్టలేదు. కిటికీ పక్క సీటు దొరికిందని సంతోషించాను.

తెనాలిలో దిగి మెషీన్ ముందు కూర్చుని పీఎస్ కొట్టాను. జాబితా దొర్లుతూనే ఉంది. జెడ్, జెడ్, జెడ్. ప్రోగ్రాం తన సంగతులు రాసుకునే లాగ్ ఫైలు తెరిస్తే, పొద్దుట ల్యాబు తెరిచినప్పటి నుంచీ పిల్లని పుట్టించలేకపోయానని అదే వాక్యం. మరి పచ్చచుక్క ఎలా పడిందంటారా? మా ప్రోగ్రాం ముందు పచ్చ వేసి, తర్వాత పిల్లని పంపేది. పుట్టిందో లేదో కూడా చూసుకునేది కాదు.

అప్పుడు నేను చేసిన మొదటి పని చెబితే మీరు నవ్వుతారు. జాంబీల మీద కిల్ మైనస్ నైన్, అంటే ప్రాసెస్‌ని చంపే కమాండు, కొట్టాను. ఒకదాని తర్వాత ఒకటి. చచ్చినదాన్ని మళ్లీ చంపలేమని నేను ఎంతమందికి చెప్పుంటాను? కంగారులో తెలిసింది కూడా పనికి రాదు. ఒక్క పేరూ కదలలేదు. అలా కొన్ని నిమిషాలు పోయాయి.

తర్వాత బుర్ర కుదురుకుంది. జాంబీల పక్కన తల్లి నంబరు ఉంటుంది. అన్నిటికీ ఒకటే నంబరు. ఆ తల్లిని ఆపేస్తే పిల్లలన్నీ అనాథలై ఒకటో నంబరు ప్రాసెస్ దగ్గరికి చేరతాయి. అది అందరినీ అడుగుతుంది. ఒక్కొక్కదాని చివరి మాటా విని పట్టికలోంచి పేరు తీసేస్తుంది. తల్లిని ఆపాను. మళ్లీ పీఎస్ కొట్టాను. తెర ఖాళీ. నాలుగే నాలుగు వరసలు, శుభ్రంగా, కడిగిన పళ్లెంలా. ప్రోగ్రాం మళ్లీ మొదలుపెట్టాను. అప్పుడే తయారైన రిపోర్టు ఒకటి రేపల్లె వెళ్లింది. ప్రింటు పడిందని అమ్మాయి మెసేజీ పెట్టింది.

నేను వెనక్కి వాలి, "అయిపోయిందండీ" అన్నాను. టీ తెప్పించాను. అల్లం టీ. పెద్దాయనకి కూడా ఒకటి. జాంబీల గురించి ఆయనకి కాసేపు పాఠం కూడా చెప్పాను. తల్లి అడక్కపోతే ఇలా అవుతుందండీ అని.

ఆయన గ్లాసు పట్టుకుని, తాగకుండా, "మరి పొద్దుటివో?" అన్నాడు.

"ఏ పొద్దుటివి?"

"పచ్చ పడినవి. పచ్చ పడ్డాక నీ ప్రోగ్రాం మళ్లీ పంపుతుందా?"

పంపదు. పచ్చ పడిందంటే దాని లెక్కలో వెళ్లిపోయినట్టే. పొద్దుటి రిపోర్టులన్నీ తెనాలిలోనే, పచ్చగా, చల్లగా కూర్చుని ఉన్నాయి. నేను పట్టిక కడిగి మురిసిపోతున్నాను. అదే నిమిషంలో ఫోన్ మోగింది.

"అన్నయ్యా, కొత్తవి వస్తున్నాయి. చెరుకుపల్లి ఆవిడది రాలేదు."

పెద్దాయన నా చేతిలోంచి ఫోన్ తీసుకున్నాడు. తెర వైపు కూడా చూడలేదు. గుండెని ఆపగల ఆ అంకె ఆయనకి పొద్దుట్నించీ గుర్తుంది. "అమ్మా, పొటాషియం ఆరు పాయింట్ తొమ్మిది. ఆరు. తొమ్మిది. తిరిగి చెప్పు. ఆఁ. నువ్వే పరిగెత్తు, మనిషిని పంపకు."

నర్సింగ్‌హోం వీధి చివరే. పది నిమిషాల్లో ఆ అమ్మాయి ఫోన్ చేసింది. ఆయాసపడుతోంది అనుకున్నాను. ఆయాసం కాదు.

"ఇందాకే పోయిందంటన్నయ్యా."

ఇందాకే అంటే ఎప్పుడని నేను అడగలేదు. తర్వాత తెలిసింది, నేను టీ తాగే వేళకి.

డాక్టరు తర్వాత ఓనరుతో అన్నాడట, వేళకి తెలిసినా బతికేదని చెప్పలేం, బతకదని కూడా చెప్పలేం అని. ఆ వాక్యంలో మొదటి సగం నాకు ఇమ్మని చాలా రోజులు మనసులో బేరమాడాను. కుదరలేదు.

చీరాల అతన్ని పిలిపించాం. వచ్చి, చూసి, నన్నొక్క మాట కూడా అనకుండా కూర్చుని రాశాడు. నాలుగు రోజులు పట్టింది. మూడుకి అవుతుందా అని నోటిదాకా వచ్చింది. మింగేశాను.

నన్ను ఉద్యోగంలోంచి తీయలేదు. మెషీన్ ట్రబుల్ అని కాగితం రాసి ఫైల్లో పెట్టారు. రాసింది నేనే. ఆ తర్వాత మరో నాలుగేళ్లు అదే కుర్చీలో కూర్చుని రిటైరయ్యాను. శాలువా కప్పారు.

కానీ ఆ చెరుకుపల్లి ఆవిడ భర్త రావడం ఆ నాలుగు రోజులూ గడవక ముందే. దినం కూడా కాలేదు. చెరుకుపల్లి దగ్గర పొలం పనులు చేసుకునే మనిషి, అరవై దగ్గర ఉంటాయి. తెల్లచొక్కా ఉతికి ఇస్త్రీ చేయించుకుని వచ్చాడు. కౌంటర్ దగ్గర నిలబడి, "మా ఇంటిదాని రక్తం కాయితం ఇక్కడుందని చెప్పారండి" అన్నాడు.

ఓనరు నన్ను లోపలికి పిలిచి, "కొత్తగా ప్రింటు తీసి ఇచ్చి పంపించు. మెషీన్ ట్రబులని చెప్పు" అన్నాడు. కొత్తగా ప్రింటు తీస్తే మీద ఇవాళ్టి టైము పడుతుంది. అసలుది తీస్తే ఆ రోజు తయారైన టైము ఉంటుంది. ఈ వెసులుబాటు ప్రోగ్రాంలో పెట్టించింది కూడా నేనే. అసలుదే తీశాను. నేనేదో సత్యసంధుణ్ణని కాదు. పెద్దాయన ప్రింటర్ పక్కనే నిలబడి ఉన్నాడు.

వచ్చినాయన కాగితం తీసుకుని రెండువైపులా చూశాడు.

"తెలుగైతే చదువుతానండి. బైబిలు రోజూ చదువుతాను. ఇది ఇంగ్లీషు. ఏముందండి ఇందులో?"

"పొటాషియం బాగా ఎక్కువుందని ఉందండి. వెంటనే డాక్టరుకి చెప్పాల్సినంత."

"ఎప్పుడు తెలిసిందండి?"

"పొద్దున. తొమ్మిదికి ముందే."

ఆయన కాసేపు లెక్కేసుకున్నాడు. "తొమ్మిదికి మేం నర్సింగ్‌హోంలోనే బల్ల మీద కూర్చుని ఉన్నామండి. ఇడ్లీ పెట్టాను. సగం తింది." ఆగి, "మరి చెప్పలేదేంటండి?" అన్నాడు. నిలదీసినట్టు కాదు, బస్సు ఎందుకు రాలేదని అడిగినట్టు.

మెషీన్ ట్రబుల్ అనే మాట నాలుక మీదే ఉంది. జీవితమంతా అలాంటి మాటలతోనే గడిపాను.

"పంపామనుకున్నామండి. ముట్టిందా అని అడగలేదు. అడిగే పద్ధతి ఒకటి ఉండేది. నేనే మాన్పించాను."

తిడతాడనుకున్నాను. తిడితే బావుండునని కూడా అనుకున్నాను. ఆయన చొక్కా జేబులోంచి చిన్న మీటల ఫోను తీసి కౌంటర్ మీద పెట్టాడు.

"నా దగ్గర ఫోనుందండి. ఆవేళ నంబరు కూడా రాయించుకున్నారు."

పెద్దాయన సొరుగు లాగిన చప్పుడైంది. ఆ గళ్ల అట్ట పుస్తకం తీసి, దుమ్ము చేత్తో తుడిచి, తెరిచి, కొత్త వరసలో ఆవిడ పేరు, పరీక్ష, తయారైన టైము రాశాడు. పుస్తకం ఆయన వైపు తిప్పి, పెన్ను ఇచ్చాడు.

"ఇదేంటండి?"

"కాయితం మీకు ముట్టినట్టు."

ఆయన చివరి గడిలో తెలుగులో, అక్షరం అక్షరం దిద్దుతూ తన పేరు రాశాడు. కాగితం నాలుగు మడతలు పెట్టి ఫోనుతో పాటు జేబులో వేసుకున్నాడు. "వస్తానండి" అని ఇద్దరికీ చెప్పి, రేపల్లె రైలు వేళైందని వెళ్లిపోయాడు.

నేను పుస్తకం వంక చూశాను. ఆయన పేరుకి పై వరస, నేను పద్ధతి మాన్పించిన నాటిది. ఆ రెండు వరసల మధ్య ఒక్క గీత ఖాళీ కూడా లేదు. ఒకదానికొకటి ఆనుకుని ఉన్నాయి. ఆ మధ్యలో పదకొండు నెలలు. ఆ నెలల్లో ఇంకెన్ని కాగితాలు ఎవరికి ముట్టలేదో నాకు తెలియదు. నేను అడగలేదు.